సింకుల పోసిన నీళ్లు యాడికి పోతయ్?

నేను సర్కారు హైస్కూల్ల ఫిజికల్ సైన్స్ చెప్త. రసాయన ద్వంద్వ వియోగం పాఠం వచ్చిందంటే చానా ఏండ్లు ఒకటే ప్రయోగం చేసి చూపించిన. లెడ్ నైట్రేట్ ద్రావణంల పొటాషియం అయోడైడ్ పోస్తే మెరిసే పసుపు రంగు అవక్షేపం పడ్తది. పిల్లలు చప్పట్లు కొట్టేటోళ్లు. క్లాస్ అయినంక అదంతా సింకుల పోసి కడిగేటోన్ని. ఓసారి వెనుక బెంచి పిల్ల లేచి, "సార్, ఆ నీళ్లు యాడికి పోతయ్?" అనడిగింది. మా సింకు పైపు గోడ అవతల మోరీల పడ్తది. మోరీ పోయి చెర్ల కలుస్తది. ఆ మాట చెప్పనీకి నాకు నోరు రాలే.

లెడ్ అంటే సీసం. అది మూలకం కాబట్టి కుళ్లిపోదు, మట్టిల, నీళ్లల్ల ఏండ్లకేండ్లు ఉంటది. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తది. విషమని బోర్డు మీద రాసి, దాన్నే చెర్లకు తోలుడు ఏం చదువు?

అప్పటి సంది పద్ధతి మార్చిన. మిగిలిన లెడ్ సీసాకు మూత బిగించి, పేరు రాసి, బీరువాల పెట్టి తాళమేసిన. ఆ సమీకరణం బోర్డు మీద చెప్త, పిల్లలు పరీక్షల రాస్తరు. చేతులతోని చేసేది మాత్రం వేరే. సున్నపు తేటల బట్టలుతికే సోడా కలిపిన నీళ్లు పోస్తే తెల్లటి అవక్షేపం పడ్తది. అదే కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయిల ఉండేది. ఇది కూడ ద్వంద్వ వియోగమే. వడగట్టినంక కింద మిగిలేది క్షారం. పసుపు కాయితం ముంచితే ఎర్రగైతది. కాయితం ఎర్రబడుడు ఆగేదాక నిమ్మరసం చుక్క చుక్క పోయిస్త. అట్ల తటస్థీకరణం పాఠం గూడ అదే గంటల అయిపోతది. సున్నం కండ్లల్ల పడితే ప్రమాదం, అందుకే తేట నేనే తీసి ఇస్త.

పసుపు ఆమ్లానికీ, మంచినీళ్లకూ తేడా చెప్పదు. మందారం చెప్తది. పూరేకులను వేడినీళ్లల్ల నానబెడితే వచ్చే రంగు నిమ్మరసంల ఎర్రబడ్తది, సోడా నీళ్లల్ల ఆకుపచ్చగైతది. హోలీకి మోదుగుపూల రంగుల సున్నం కలిపితే ఎరుపెక్కుడు మన ఊర్లకు ఎరుకే. అది కెమిస్ట్రీ అని మనమే చెప్పలే.

ఇంకోటి కొలత. 20 చుక్కలు కలిస్తే సుమారు ఒక మిల్లీలీటరు. 5 మిల్లీలీటర్లు పోసే కాడ 5 చుక్కలే వాడితే ఖర్చూ, చెత్తా ఇరవయ్యో వంతే. టెస్ట్‌ట్యూబులు లేకున్నా, కడిగిన ఖాళీ మాత్రల అట్ట గుంతలు సరిపోతయ్. ఒక్క సారు చేస్తే నలభై మంది చూసే బదులు, అందరూ చేస్తరు.

"ఇవి వంటింటి ఆటలు, మార్కులు రావు" అనేటోళ్లు ఉన్నరు. కానీ పాల్ అనస్తాస్, జాన్ వార్నర్ 1998ల రాసిన హరిత రసాయనశాస్త్రం 12 సూత్రాలల్ల మొదటిదే ఇది: చెత్త పుట్టినంక శుద్ధి చేసుడు కంటె పుట్టకుండ చూసుడే మేలు. పెద్ద కంపెనీలకు చెప్పిన మాట, మా చిన్న గదికీ వర్తిస్తది.

మనకు ఇది దూరపు ముచ్చట కాదు. పటాన్‌చెరుల మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లల్ల లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని 2007ల స్వీడన్ సైంటిస్టులు తేల్చిన్రు. రేపు అసొంటి కంపెనీల వాల్వు తిప్పేది, ల్యాబుల సంతకం పెట్టేది మా క్లాసు పిల్లలే కావచ్చు.

ప్రాక్టికల్ రికార్డుల ఉద్దేశం, పరికరాలు, ఫలితం అని రాపిస్తం. దాని కింద ఇంకో వరుస పెట్టాలె: మిగిలింది ఏం చేసినం? మా బడిల ఆ వరుస పెట్టిన. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు ఇప్పుడు ప్రతి పిల్లా జవాబు రాస్తున్నది.