చలికాలంలో తోలిన ఎరువు వంక పాలు కాకుండా ఏం చేయాలి?

వేరుశనగ పీకడం అయిపోయాక హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల చేలల్లో గొర్రెల మందలు నిలుపుతారు, మల్బరీ తోటలకు ట్రాక్టర్లతో దిబ్బెరువు తోలుతారు. మంచి పనే. కానీ ఈశాన్య రుతుపవనాల వానలు పడేది కూడా అప్పుడే. 2021 నవంబరులో చిత్రావతి ఎలా పొంగిందో ధర్మవరం వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు.

చలి దేశాల్లో గడ్డకట్టిన నేల మీద పేడ చల్లితే, మంచు కరిగినప్పుడు కాలువల్లోకి పోతుంది. అందుకే యూరప్‌లో 1991 నాటి నైట్రేట్ చట్టం కింద కొన్ని నెలలు ఎరువు చల్లనివ్వరు. మనకు మంచు లేదు, సరే. కానీ మన ఎర్రనేల గట్టి వానకు పైన పెళ్లలా బిగుసుకుంటుంది, నీళ్లు ఇంకవు. పైపైన పడున్న ఎరువు ఆ నీళ్లతోనే వంకలోకి, అక్కడి నుంచి చెరువులోకి చేరుతుంది.

డబ్బు లెక్క చూద్దాం. టన్ను దిబ్బెరువులో సుమారు 5 కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరం ఉంటాయి. మల్బరీకి ఏడాదికి ఎకరాకు 8 టన్నులు, రెండు విడతలుగా వేయమంటారు. అంటే 40 కిలోల నత్రజని, దాదాపు రెండు బస్తాల యూరియాలో ఉండేంత. ఒక్క వానకే అంతా పోదు, కానీ ముందు కొట్టుకుపోయేది మెత్తటి, సారమున్న భాగమే.

పోయిన భాస్వరం చెరువులో పాచి పెంచుతుంది. నత్రజని నైట్రేట్‌గా మారి బావులు, బోర్లలోకి కూడా దిగుతుంది. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆరు నెలల లోపు పసిబిడ్డకు అలాంటి నీళ్లతో పాలపొడి కలిపితే రక్తం ఆక్సిజన్ మోయలేక పెదాలు, గోళ్లు నీలంగా మారొచ్చు. మరగబెడితే నైట్రేట్ పోదండీ, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అనుమానం ఉంటే ముందు నీళ్లు పరీక్ష చేయించాలి.

చేలో చేయాల్సింది పెద్ద ఖర్చు కాదు. వాన సూచన ఉంటే ఎరువు చల్లకుండా ఆగండి. చల్లిన రోజే గుంటక తోలి మట్టిలో కలపండి, వాలుకు అడ్డంగా తోలితే ఇంకా మేలు. మంద లేపిన చేనుకూ ఇదే మాట. వంక, బావి పక్కన కొంత నేల వదిలి, అక్కడ గడ్డి పెరగనివ్వండి. ఇంటి దగ్గర దిబ్బ బోరుకు దూరంగా, మిట్ట మీద ఉండాలి. పైన మట్టి కప్పినా, పాత టార్పాలిన్ పరిచినా వానకు సారం కారిపోదు.