ప్రొస్టేటు కాన్సరు: సాధువేది, ఉగ్రమేది?

పురుషుని మూత్రాశయమునకు దిగువను, మూత్రనాళపు మొదలును చుట్టుకొని, ఉసిరికాయంత గ్రంథి యొకటి కలదు. దీనికి ప్రొస్టేటు గ్రంథియని పేరు. వీర్యమునందలి ద్రవములో కొంతభాగమును తయారుచేయుట దీని పని. యౌవనమున దీని యునికియే యెవరికిని తెలియదు. ఏబది యేండ్లు దాటిన పిమ్మట ఇది సాధారణముగా పెరుగజొచ్చును. అప్పుడు రాత్రి పలుమారులు లేవవలసివచ్చుట, మూత్రధార సన్నగిల్లుట, మూత్రము పూర్తిగా వెడలినట్లు తోపకపోవుట మున్నగు బాధలు కలుగును. చాలమందిలో ఈ పెరుగుదల కాన్సరు కాదు. తల నెరయుటవంటి వయోధర్మమే. కాని ఆ గ్రంథియందే కాన్సరును పుట్టవచ్చును. పుట్టిన కాన్సరు మొదటిదశలో ఏ బాధయు కలిగింపక యుండుటయు కలదు.

1853లో లండను నగరమున ఆడమ్సు అను శస్త్రవైద్యుడు ఈ కాన్సరును సూక్ష్మదర్శినితో పరీక్షించి వర్ణించుచు, ఇది మిక్కిలి అరుదైన వ్యాధియని వ్రాసెను. నేడు ప్రపంచమున పురుషులకు వచ్చు కాన్సరులలో, ఊపిరితిత్తుల కాన్సరు తరువాత, రెండవస్థానము దీనిదే. ఆడమ్సును తప్పుపట్టుట న్యాయము కాదు. ఆ కాలమున ఈ వ్యాధి వచ్చు వయసువరకు జీవించినవారే తక్కువ. జీవించినవారిలోను, మూత్రము బంధించి మరణించినవారిని ముసలితనముచే పోయిరని యనుకొనుట పరిపాటి.

ఈ వ్యాధికి రెండు స్వభావములు కలవు. పాశ్చాత్య దేశములలో ఇతర కారణములచే మరణించిన వృద్ధుల గ్రంథులను మరణానంతరము పరీక్షించిచూడగా, ఎనుబది యేండ్లు దాటినవారిలో సుమారు సగముమందికి ఈ కాన్సరు కనబడినది. వారు దానితోడనే జీవించిరి, దానిచేత మరణింపలేదు. మరికొందరిలో నిదే కాన్సరు కొలది సంవత్సరములలో ఎముకలకు ప్రాకి, వెన్నెముకను క్రుంగదీసి, ప్రాణము తీయును. అందుచేత వైద్యునియెదుట ప్రశ్న రెండుగా చీలినది. కాన్సరు ఉన్నదా? ఉన్నచో అది మనిషిని చంపునదా, మనిషితోపాటు ముసలిదై పోవునదా? మొదటి ప్రశ్నకంటె రెండవది కష్టతరము. గత అరువదియేండ్ల పరిశోధనలో అధికభాగము దానికొరకే జరిగినది.

పుదుచ్చేరి పట్టణమునకు ఈ కథతో సంబంధము కలదు. ఫ్రెంచివారు 1823లో ఇచ్చట ఒక వైద్యపాఠశాలను స్థాపించిరి. పట్టణము భారతదేశమున కలసిన తరువాత, 1956లో, ధన్వంతరి వైద్యకళాశాల యేర్పడినది. 1964 జూలై 13వ తేదీన, తెలుగు కుటుంబమున జన్మించిన రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు గోరిమేడునందలి క్రొత్త సంస్థను ప్రారంభించెను. జవాహర్‌లాల్ పేరిట వెలసిన ఆ సంస్థనే జనులు జిప్మర్ అందురు. 2008లో పార్లమెంటు దీనిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా ప్రకటించినది. 1960ల చివర ఇచ్చట వైద్యపట్టము పొందినవారిలో మణి మీనన్ అను కేరళీయుడొకడు. ఆయన ప్రస్తావన ముందు వచ్చును.

ముందుగా రక్తపరీక్షను గూర్చి చెప్పవలెను. ప్రొస్టేటు గ్రంథి, వీర్యమును పలుచన చేయుటకై, ఒక మాంసకృత్తును తయారుచేయును. అందు స్వల్పభాగము రక్తములో కలియును. 1979లో అమెరికాదేశపు బఫలో నగరమునందలి రాస్‌వెల్ పార్క్ సంస్థలో వాంగ్, చూ మొదలగువారు దానిని గ్రంథినుండి శుద్ధముగా వేరుచేసిరి. దానినే పి.ఎస్.ఏ. అందురు. 1986లో అమెరికా ప్రభుత్వము, చికిత్స పొందినవారిలో వ్యాధి మరల తలయెత్తుచున్నదేమో చూచుటకుమాత్రము ఈ పరీక్షను అనుమతించినది. 1994లో వ్యాధినిర్ణయమునకును అనుమతి లభించినది. మిల్లీలీటరు రక్తమున 4 నానోగ్రాములు దాటినచో అనుమానింపవలెనని వాడుక యేర్పడినది. గ్రామును నూరుకోట్ల భాగములు చేసిన అందొక భాగము నానోగ్రాము.

పి.ఎస్.ఏ. గ్రంథికి గుర్తు, కాన్సరుకు గుర్తు కాదు. చదువరులు ఈ భేదమును బాగుగ మనసున నుంచుకొనవలెను. గ్రంథి వయోధర్మముచే పెరిగినను, చీము పట్టినను, మూత్రము బంధించినను, గొట్టము వేసినను ఈ సంఖ్య పెరుగును. ఫినాస్టరైడు అను మాత్రలను నెలల తరబడి వాడువారిలో సంఖ్య సుమారు సగమునకు తగ్గి, ఉన్న వ్యాధిని దాచును. 2004లో ప్రకటితమైన అమెరికా పరిశోధనలో, పి.ఎస్.ఏ. 4గాని అంతకు తక్కువగాని యుండిన పురుషుల గ్రంథినుండి ముక్కలు తీసి చూడగా, నూటికి 15మందిలో కాన్సరు కనబడినది. కావున ఈ పరీక్ష తలుపు తట్టి పిలుచునది మాత్రమే. లోపలనున్న దెవరో చెప్పజాలదు.

లోపలనున్నదానిని చూచుటకు సూదితో గ్రంథిలోని సన్నని ముక్కలను, వాడుకగా పండ్రెండింటిని, తీయుదురు. వానిని మైనములో పొదిగి, పలుచని పొరలుగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శినిక్రింద చూతురు. ఇచ్చటనే డోనల్డ్ గ్లీసన్ అను అమెరికా వ్యాధిశాస్త్రజ్ఞుని కృషి మనకెదురగును. ఆయన మినియాపోలిస్ నగరమున మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసెను. అంతకుముందటి పండితులు కణముయొక్క ఆకారమును, దాని కేంద్రమును ఎక్కువ పెద్దదిచేసి పరిశీలించెడివారు. గ్లీసన్ దానిని విడిచి, తక్కువ పెద్దదిచేసి, కణములు కూడి కట్టిన కట్టడమును చూచెను. ఆరోగ్యమైన గ్రంథిలో కణములు నాళికల చుట్టును క్రమముగా నిలచును. కాన్సరు ముదిరినకొలది ఆ నాళికలు ఒకదానిలోనొకటి కలసి, చితికి, తుదకు కణములు ఒంటరిగా చెల్లాచెదరగును. ఈ క్రమమును ఆయన అయిదు అచ్చులుగా విభజించి, స్వహస్తముతో బొమ్మలు గీసెను. 1966లో తొలి వ్యాసము వెలువడినది.

ఆ పద్ధతిలో మరియొక విశేషము కలదు. ఒకే గ్రంథిలో రెండు అచ్చులు కలసియున్నప్పుడు చెడ్డదానినిబట్టియే తీర్పు చెప్పవలెనని ఎవరైన అనుకొందురు. గ్లీసన్ రోగుల మరణములతో పోల్చిచూడగా, అట్టివారి గతి రెండింటికి నడుమనున్నట్లు తేలెను. అందుచేత ఎక్కువ వ్యాపించిన అచ్చుకు ఒక సంఖ్య, తరువాతిదానికి ఒక సంఖ్య ఇచ్చి రెంటిని కూడెను. కావుననే 3+4 అనునదియు 4+3 అనునదియు కూడిక యేడే యైనను ఒకటి కావు, రెండవది ఉగ్రతరము. ఇది బడిలో నేర్చిన లెక్కకు విరుద్ధము, వైద్యమునకు యథార్థము.

నేడు సూదిముక్కలలో 6కంటె తక్కువ సంఖ్యను దాదాపు ఎవరును వ్రాయరు. అనగా పదింటికి 6 అనునది అందరికంటె సాధువైన వ్యాధి. కాని పత్రమును చేతబట్టిన రోగి, పదింటికి ఆరు వచ్చినదని చూచి, సగముదాటి ముదిరినదని భీతిల్లుట సహజమే కదా! ఈ చిక్కును తొలగించుటకై జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు 2013లో 1నుండి 5వరకు తరగతుల పద్ధతిని ప్రతిపాదించిరి. 2014లో అంతర్జాతీయ వ్యాధిశాస్త్రజ్ఞుల సభ దానిని స్వీకరించెను. మొత్తము 6 అయినచో మొదటి తరగతి, 3+4 రెండవది, 4+3 మూడవది, 8 నాల్గవది, 9, 10 అయిదవది.

జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు బ్రేడీ సంస్థలోనే మణి మీనన్ మూత్రవ్యాధుల శస్త్రవైద్యమున శిక్షణ పొందెను. అచ్చట ఆయన, మానవ ప్రొస్టేటు కణములలో పురుషహార్మోనును గ్రహించు గ్రాహకములను కొలుచు విధానమును రూపొందించెను. ఈ కాన్సరు పురుషహార్మోనుపై ఆధారపడునని చార్లెస్ హగ్గిన్స్ 1941లో నిరూపించి, 1966లో నోబెల్ బహుమానము పొందియుండెను. ఆ హార్మోనును అణచినచో ఏ రోగికి మేలగునో ముందుగా తెలియవలెనన్న, గ్రాహకముల కొలత అవసరము. తరువాత మీనన్ డెట్రాయిట్ నగరపు హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో 2000 సంవత్సరపు చివరనుండి రోబో సహాయమున ప్రొస్టేటు శస్త్రచికిత్సలు ప్రారంభించి ప్రసిద్ధుడయ్యెను. ఆ విభాగమునకు పేరు వట్టికూటి మూత్రవ్యాధుల సంస్థ. ఆంధ్రదేశమునుండి వెళ్ళి అమెరికాలో సాఫ్ట్‌వేర్ వ్యాపారమున వృద్ధిపొందిన రాజ్ వట్టికూటి, ఆయన భార్య పద్మ 2001లో ఇచ్చిన పెద్ద విరాళమునకు అది గుర్తు. పుదుచ్చేరిలో చదివిన వైద్యుడు, తెలుగు దాత దూరదేశమున ఒకే రోగముపై పనికి కలియుట చెప్పుకొనదగినదే.

అయితే శస్త్రచికిత్స యెంత నేర్పుగా చేసినను ఒక ప్రశ్న మిగులును: అది ఆ రోగికి అవసరమా? గ్రంథిని తీసివేసినవారిలో కొందరికి మూత్రముపై అదుపు తప్పును, దాంపత్యశక్తి క్షీణించును. సాధువైన కాన్సరుకై ఈ మూల్యము చెల్లించినవారు ఏ లాభమును పొందలేదు. ఐరోపాలో 1,82,000 మందితో జరిగిన పరిశోధన, పి.ఎస్.ఏ. పరీక్షలకు పిలిచినచో ఈ కాన్సరు మరణములు నూటికి 20 తగ్గునని 2009లో చూపినది. అదే పరిశోధన 2019లో, ఒక మరణము తప్పించుటకు పదునెనిమిదిమందికి అదనముగా కాన్సరని నిర్ణయము చేయవలసివచ్చెనని తెలిపినది. 1970లోనే ప్రొస్టేటు ప్రతిజనకమును వర్ణించిన రిచర్డ్ ఆబ్లిన్, ఆరోగ్యవంతులందరికి ఈ పరీక్ష చేయుట ప్రజారోగ్యమునకు విపత్తని 2010లో వ్రాసెను. ఆ మాట కొంత తీవ్రమైనదే. కాని పరీక్ష చేసి సరిపెట్టక, వెంటనే కత్తిపట్టు ఆత్రుతకు అది తగిన సమాధానము.

బ్రిటనులో దీనికి ఓర్పుతో జవాబు వెదకిరి. గ్రంథిదాటని కాన్సరుగల 1,643 మందిని మూడు వర్గములు చేసి, ఒకరికి శస్త్రచికిత్స, ఒకరికి కిరణచికిత్స, ఒకరికి కనిపెట్టి చూచుటమాత్రము విధించిరి. 15 సంవత్సరముల తరువాతి ఫలితములు 2023లో వెలువడినవి. మూడు వర్గములు కలిపి ఈ కాన్సరుచే మరణించినవారు నూటికి ముగ్గురికన్న తక్కువ. వర్గములనడుమ చెప్పదగిన భేదము లేదు. కనిపెట్టి చూచినవారిలో వ్యాధి వ్యాపించినవారు మాత్రము హెచ్చు. కనిపెట్టి చూచుటయన్న వదలివేయుట కాదు: కాలక్రమమున రక్తపరీక్షలు, చిత్రములు, మరల సూదిపరీక్ష జరుపుచు, వ్యాధి స్వభావము మారినచో చికిత్సకు పూనుకొనుట.

అయస్కాంతపు చిత్రము, అనగా ఎం.ఆర్.ఐ., ఈ వెదకులాటను చాల మార్చినది. పూర్వము సూది గ్రుడ్డిగా పోయెడిది. 2017లో బ్రిటిషువారు 576 మందిని పరీక్షించి, ముందుగా చిత్రము తీసినచో నూటికి 27 మందికి సూదిపరీక్షయే తప్పింపవచ్చునని చూపిరి. 2018లో 500 మందితో జరిగిన మరియొక పరిశోధనలో, చిత్రమునుబట్టి సూది గ్రుచ్చినవారిలో నూటికి 38 మందికి, పాతపద్ధతిలో 26 మందికి, చికిత్సార్హమైన కాన్సరు దొరకినది. సాధువైన కాన్సరులు క్రొత్తపద్ధతిలో తక్కువగా బయటపడెను. అదియు లాభమే.

జన్యుపరిశోధన వేరుగా గ్రంథము కాదగినది. 2005లో మిషిగన్ విశ్వవిద్యాలయమున అరుళ్ చిన్నయ్యన్ బృందము, ఈ కాన్సరులో రెండు జన్యువులు తెగి ఒకటిగా అతుకుకొనుటను కనుగొనినది. హార్మోనుచే నడచు జన్యువుతో కణవృద్ధికి తోడ్పడు జన్యువు జతపడుట అందలి మర్మము. ఇప్పుడు సూదిముక్కలోని 22 జన్యువుల పనిని కొలిచి వ్యాధి వ్యాపించు అవకాశమును లెక్కించు పరీక్షయు కలదు. బి.ఆర్.సి.ఏ.2 అను జన్యువులో లోపము వంశపారంపర్యముగ వచ్చినచో వ్యాధి ఉగ్రమగుట యెరిగినదే; కావున అక్కచెల్లెండ్రకు, తల్లికి రొమ్ము లేక అండాశయ కాన్సరు వచ్చియుండిన, పురుషుడు ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను.

ఈ పరిశోధనలలో పెక్కు, ఏ బాధయులేక పరీక్షకు వచ్చిన పాశ్చాత్యులపై జరిగినవి. వారి కష్టము అతిచికిత్స. మన దేశమున పలువురి స్థితి దీనికి తలక్రిందులు. నడుమునొప్పికి నెలలతరబడి తైలములు మర్దించుకొని, కాళ్ళు పట్టు తప్పిన పిమ్మట పెద్దాసుపత్రికి వచ్చువారికి, సాధువా ఉగ్రమా యను ప్రశ్న అప్పటికే తీరిపోయియుండును. ఆ దశయందును హార్మోను చికిత్స నొప్పి తగ్గించి ఆయువు పెంచగలదు. కాని వెన్నుపాము నలిగి కాళ్ళు పడిపోయినవారు మరల నడచుట అరుదు. కావున ఏబది దాటినవాడు మూత్రబాధను సిగ్గుచే దాచరాదు. తండ్రికిగాని అన్నదమ్ములకుగాని ఈ వ్యాధి వచ్చినవారు కొంచెము ముందుగనే వైద్యుని సంప్రదించుట మంచిది. మూత్రమున చీమున్నప్పుడు, గొట్టము వేసిన వెంటనే పి.ఎస్.ఏ. చూచుకొనక, కొన్ని వారములు ఆగవలెను.

గౌతమీతీరమున యానాములో నివసించు తెలుగువారికి పుదుచ్చేరి తమ ప్రభుత్వపు రాజధానియే యైనను దూరభూమి. 2024 ఫిబ్రవరిలో యానామునందు 90 పడకలతో జిప్మర్ శాఖ యొకటి ప్రారంభమైనది. అచ్చటినుండి గోరిమేడునకుగాని, మరి యే నగరమునకుగాని ప్రయాణమగు రోగి మూడు వస్తువులు వెంటగొనిపోవలెను: ఇదివరకటి పి.ఎస్.ఏ. సంఖ్యలు తేదీలతో, వాడుచున్న మాత్రల పేర్లు, సూదిపరీక్ష జరిగియుండిన దాని పత్రము. ఆ పత్రములో కూడికను చూచి ఊరకొనక, కూడబడిన రెండు సంఖ్యలలో ఏది ముందున్నదో వైద్యుని అడుగవలెను. మైనపు దిమ్మలు పరీక్షించిన ప్రయోగశాలలో భద్రపడియుండును. రెండవ అభిప్రాయము కావలసినచో మరల సూది గ్రుచ్చనక్కరలేకయే వానిని తెప్పించుకొనవచ్చును.