ఊపిరి సరేనంటుంది.. మోకాలు కాదంటుంది!

పెరంబూరు:
ప్లస్‌వన్‌లో చేరిన పిల్లల చేతికి ప్రభుత్వ సైకిలు వచ్చిన రోజు ఇంట్లో చిన్న పండుగే. 2001-02లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థినులతో మొదలైన ఈ పథకం 2005-06 నుంచి ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల ప్లస్‌వన్ విద్యార్థులందరికీ అందుతోంది. మన తెలుగు ఎయిడెడ్ పాఠశాలల పిల్లలకూ అందులో వాటా ఉంది. వ్యాసర్‌పాడి నుంచో, అయనావరం నుంచో పొద్దున సైకిలు తొక్కుకుంటూ బడికి వచ్చిన పిల్లలే సాయంత్రం జోనల్ పోటీల కోసం మైదానంలో పరుగు తీస్తుంటారు. ఇది మంచి జోడీ. అయితే నాలుగు వారాలు తిరగకముందే ‘అమ్మా, మోకాలు లాగుతోంది’ అంటే మాత్రం ఎక్కడో లెక్క తప్పిందన్నమాటే.

గుండె ముందు.. ఎముక వెనుక
సైకిలు తొక్కేటప్పుడు ఒంటి బరువును సీటు మోస్తుంది. పాదానికి దెబ్బ ఉండదు. పరుగులో అలా కాదు. అడుగు నేలకు తాకిన ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల ఒత్తిడి కాలి మీద పడుతుంది. 50 కిలోల కుర్రాడి కాలు అడుగుకు 100 నుంచి 150 కిలోల భారం ఓర్చుకోవాలి. అదీ నిమిషానికి నూట అరవై, నూట డెబ్బై అడుగులు!

చిక్కు ఇక్కడే ఉంది. సైకిలు వల్ల గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. ఎముకలు, కండరాలను ఎముకకు పట్టి ఉంచే నరాల్లాంటి తాళ్లు గట్టిపడటానికి నెలలు కావాలి. రోజూ సైకిలు తొక్కే పిల్లవాడికి మైదానంలో ఆయాసం రాదు. కాబట్టి మొదటి రోజే అయిదు కిలోమీటర్లు పరిగెత్తేస్తాడు. మనమూ ‘భలే’ అంటాం. వారం తర్వాత ముంగాలి ఎముక లోపలి అంచు వెంట నొప్పి మొదలవుతుంది. సైకిలు ఎంత బాగా వచ్చినా పరుగుకు అతను కొత్తవాడే. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చొప్పున ఇరవై నిమిషాలతో, అదీ రోజు విడిచి రోజు మొదలుపెట్టాలి. మధ్య రోజుల్లో సైకిలు చాలు.

మడమతో సీటు కొలత
ఇచ్చే సైకిలు పిల్లల ఎత్తు చూసుకుని రాదు. అన్న సైకిలు తమ్ముడికి, అక్క సైకిలు చెల్లెలికి చేరడమూ మామూలే. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు ఎక్కువగా ముడుచుకుని చిప్ప ముందు భాగం నొస్తుంది. మరీ పైకి ఉంటే నడుము అటూ ఇటూ ఊగి మోకాలి వెనుక లాగుతుంది. సీటు మీద కూర్చుని పెడల్‌ను పూర్తిగా కిందికి దించి, దాని మీద మడమ పెట్టి చూడండి. కాలు సరిగ్గా చాచుకోవాలి. తొక్కేటప్పుడు మడమకు బదులు పాదం ముందు భాగం పెడతారు కనుక మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే కావలసింది. సైకిలు షాపులో స్పానర్‌తో నిమిషం పని.

పుస్తకాల సంచీ వీపున కాదు, క్యారియర్ మీద ఉండాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా వినరు, అయినా చెప్పాలి.

దిగగానే పరుగు వద్దు
పరుగు, సైకిలు, మళ్లీ పరుగు ఉండే పోటీని డ్యుయథ్లాన్ అంటారు. స్విట్జర్లాండ్‌లోని జోఫింగన్‌లో 1989 నుంచి జరుగుతున్న పోటీ ఇందులో పేరుమోసింది. ఆరితేరిన క్రీడాకారులకైనా సైకిలు దిగి పరుగు అందుకున్న మొదటి నిమిషాల్లో కాళ్లు దిమ్మెల్లా ఉంటాయి. సైకిలు మీద వచ్చిన పిల్లలను నేరుగా వంద మీటర్ల గీత దగ్గర నిలబెట్టకండి మాస్టారూ. అయిదు నిమిషాల నడక, ఆ తర్వాత మెల్లని పరుగు, ఆపైనే వేగం. చెన్నై ఎండలో ఉదయం ఏడులోపే పరుగు ముగిస్తే మేలు.

దాచుకునే నొప్పి
పదేళ్ల నుంచి పదిహేనేళ్ల లోపు, గబగబా ఎదిగే పిల్లల్లో మోకాలి చిప్ప కింద చిన్న బొడిపెలా లేచి నొక్కితే నొప్పి పుట్టడం కనిపిస్తుంది. వైద్యులు దీన్ని ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. భయం లేదు, పరుగు, గెంతులు తగ్గిస్తే చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. అసలు భయపడాల్సింది వేరే. ఎముక మీద ఒకే చోట వేలు పెడితే నొప్పి, రాత్రి నిద్రలో నొప్పి, వాపు, కుంటుతూ నడవడం.. వీటిలో ఏది కనిపించినా పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి. బామ్ రాసి పోటీకి పంపితే సన్నని చీలిక కాస్తా విరుగుడు కావచ్చు.

పిల్లలు ఈ మాట బయట పెట్టరు. 1955లో ఐసీఎఫ్ మొదలైన ఊరు మనది. ఆటల కోటాలో రైల్వే ఉద్యోగం వస్తుందన్న ఆశ చాలా ఇళ్లలో ఉంది. నొప్పి అంటే జట్టులోంచి తీసేస్తారని పిల్లల బెంగ. ‘నొప్పి ఉందా?’ అని అడిగితే ‘లేదు సార్’ అనే అంటారు. అందుకే ఒంటికాలి మీద పదిసార్లు గెంతమని చూడండి. ఏ కాలి మీద మొహం చిట్లిస్తారో తెలిసిపోతుంది. ఆ పిల్లలకు రెండు వారాలు సైకిలు మాత్రమే ఇచ్చి, జట్టు పట్టికలో పేరు మాత్రం కొట్టేయకుండా ఉంచండి.