చెరకు తోట దాటే వైఫైకి డబ్బా ఏరియల్



అనకాపల్లి ప్రాంతంలో ఊళ్ళోని ఇంటికి ఇంటర్నెట్టు వచ్చినా, శారదా నది ఒడ్డున చెరకు తోటలోని బోరు షెడ్డుకు వైఫై అందదు. షెడ్డులో కెమేరా పెట్టి, మోటారునూ రాగి తీగనూ ఇంటినుంచే కాచుకోవాలంటే ఏమి చేయాలి? ఒక రేకు డబ్బా చాలు.

గోడ దీపం వెనుక తళతళలాడే రేకు పెడితే వెలుగు ముందుకే పడుతుంది గదా! ఏరియల్ పనీ అంతే. అది శక్తిని పుట్టించదు. నలుమూలలకూ పోయేదాన్ని ఒక దిక్కుకు మళ్ళిస్తుంది.

తయారుచేయు విధము: లోపలి అడ్డుకొలత 9 సెంటీమీటర్లు, పొడవు 16 సెంటీమీటర్లకు తగ్గని గుండ్రటి డబ్బా తీసుకోండి. 7 సెంటీమీటర్ల సన్న డబ్బాలో ఈ అల నడవదు. ఒక పక్క మూత తీసివేసి, మూసివున్న అడుగునుంచి 51 మిల్లీమీటర్ల దూరాన పక్కగోడకు రంధ్రం చేయండి. ఎన్ రకం కనెక్టరు బిగించి, దాని నడిమి మొనకు రాగి తీగ అతకండి. డబ్బాలోకి వచ్చే పొడవు మొత్తం 31 మిల్లీమీటర్లు. అంటే అల పొడవులో నాల్గవ వంతు. ఏరియల్ ఊడదీయగల రౌటరుకు దీనిని పొట్టి కేబులుతో తగిలించండి. కేబులు పొడవైతే బలం దారిలోనే హరించిపోతుంది.

పరీక్ష: షెడ్డు దగ్గర ఫోనులో వైఫై బలం చూపే అంకెను ముందు పాత ఏరియల్‌తో, తరువాత డబ్బాతో రాసుకోండి. మైనస్ 80 కంటె మైనస్ 70 మేలు. ఆ పది అంకెల తేడా పదింతల బలం. డబ్బాను కొద్దికొద్దిగా తిప్పి, మంచి అంకె వచ్చినచోట ఆపండి. అయితే వినడం ఒక్కటే చాలదు, షెడ్డు బదులు కూడా పలకాలి. కనుక అక్కడి రిపీటరుకూ ఇలాంటి డబ్బాయే పెట్టండి. రెండు చివరలా రాగి మొన నిలువుగా వుండవలెను.

అన్నిటికన్న ముఖ్యం చెరకు ఎత్తు. వేసవిలో లేత చెరకుమీదుగా పనిచేసిన లంకె భాద్రపదానికి తెగిపోవచ్చు. ఎదిగిన ఆకులోని నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది. అర కిలోమీటరు దూరమైతే, నడిదారిలో చెరకు కొనలకు పైన కనీసం రెండున్నర మీటర్ల ఖాళీ వుండాలి. స్తంభం ఎత్తును కోతకొచ్చే చెరకును బట్టి నిర్ణయించండి.

2005 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఈ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి లైసెన్సు అక్కరలేదు. కాని ఏరియల్ దిక్కుకు వెలువడే బలం 4 వాట్లు మించరాదు. బలం పెంచే యంత్రాలు తగిలించకండి. వాననీరు చేరకుండా డబ్బా మూతికి ప్లాస్టిక్ మూత పెట్టండి. ఉరుములు మొదలు కాకముందే కేబులు ఊడదీయండి.

ముందు వెదురు గడకు కట్టి చూడండి. అంకె నిలకడగా వుంటేనే ఇనుప స్తంభానికి డబ్బు పెట్టండి.