నూజివీటి చదువునకు బిడ్డను పంపబోవు తల్లులకు

వేసవిలో పదవతరగతి పరీక్షల ఫలితములు వెలువడినది మొదలు మాయింటి వీథియరుగు ఖాళీగా నుండదు. మావారు కొల్లేటియొడ్డున నొక ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు. లంకగ్రామములనుండి తండ్రులు వారికొఱకు వత్తురు. వెంటవచ్చిన తల్లులు లోనికి వచ్చి, వంటయింటి గుమ్మముకడ గూర్చుండి మాతో మాటాడుదురు. తండ్రుల ప్రశ్నలు రెండే: సీటు వచ్చునా? ఎంత ఖర్చగును? తల్లుల ప్రశ్నలకు లెక్కలేదు. అన్నియు నించుమించుగ నొక్క చోటునుగూర్చినవే, అది నూజివీడు.

మేము కళాశాల గడప త్రొక్కినవారము కాము. తండ్రిగారియొద్ద అమరమును, భారతమును, నాలుగు నాటకములును చదువుకొంటిమి. అంతియే మా విద్య. అయినను తల్లుల ప్రశ్నలకు బదులు చెప్పవలసివచ్చి, మావారి నడిగియు, ప్రవేశప్రకటనలు చదివియు, అచట చదివిన బాలికలను ప్రశ్నించియు కొంత తెలిసికొంటిమి. అక్కఱగల సోదరీమణు లుందురని దాని నిచట వ్రాయుచున్నాము.

నూజివీటి విద్యాపీఠము పేరు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము. జనులు ట్రిపుల్ ఐటీ యందురు. పల్లెటూళ్ల బడులలో చదివిన తెలివిగల బిడ్డలకు పట్టణపు బిడ్డలతో సమానమైన సాంకేతికవిద్య దొరకవలెనని 2008లో ఉమ్మడిరాష్ట్రమున నూజివీడు, ఇడుపులపాయ, బాసర యను మూడుచోట్ల దీనిని నెలకొల్పిరి. రాష్ట్రవిభజనముతో బాసర తెలంగాణమునకు పోయినది. 2016లో శ్రీకాకుళము, ఒంగోలు ప్రాంగణములు చేరినవి. నూజివీడు మొన్నటివఱకు కృష్ణాజిల్లాలోనిది. 2022లో జిల్లాలు మార్చినప్పుడు ఏలూరుజిల్లాలో కలిసినది. ఏలూరునుండి హనుమాన్ జంక్షన్ మీదుగ పోవచ్చును.

తల్లుల మొదటి ప్రశ్న: ప్రవేశమునకు వేఱుగ పరీక్ష యున్నదా? లేదు. పదవతరగతి మార్కులే ఆధారము. పదవతరగతి పరీక్షలు జరుగని 2020, 2021 సంవత్సరములలో మాత్రము ప్రవేశపరీక్ష పెట్టిరి. వసతిలేని ప్రభుత్వపాఠశాలలలో చదివినవారికి నూటికి నాలుగువంతున మార్కులు కలిపి లెక్కింతురు. ఇది దయతో నిచ్చు దానము కాదు. ట్యూషను లేక, యింట చదువు చెప్పువారు లేక, వలలు బాగుచేయుచునో తమ్ముని నెత్తుకొనుచునో చదివిన బిడ్డ తెచ్చుకొన్న మార్కునకు విలువ యెక్కువ యని యొప్పుకొనుట. ఇద్దఱికి సమానముగ మార్కులు వచ్చినచో ముందు గణితమును, పిదప విజ్ఞానశాస్త్రమును చూతురు. కావున లెక్కలను అశ్రద్ధ చేయవలదని మావారు ఎనిమిదవతరగతినుండియే బాలికలకు చెప్పుచుందురు.

ఎన్ని సీట్లు? ప్రాంగణమునకు సుమారు వేయి. నూటికి ఎనుబదియైదు స్థానికులకే. రిజర్వేషను లన్నింటియందును మూడవవంతు బాలికలకు గలదు.

ఎన్నేండ్ల చదువు? ఆఱేండ్లు. మొదటి రెండేండ్లు ఇంటర్మీడియటునకు సమానమైన పీయూసీ, తక్కిన నాలుగేండ్లు ఇంజనీరింగు. రెండేండ్లు ముగిసిన పిమ్మట ఇష్టములేనిచో ఆ యోగ్యతాపత్రముతో వెలుపలికి వచ్చి వేఱొకచోట చేరవచ్చును. ఇది చాలమందికి తెలియదు. డాక్టరు చదువు కోరు బాలిక మాత్రము ఇచట చేరకముందే బాగుగ నాలోచించుకొనవలెను. ఇది ఇంజనీరింగువిద్యకై యేర్పడిన స్థలము.

ఖర్చు? ఇటీవలి ప్రకటనలనుబట్టి బోధనరుసుము మొదటి రెండేండ్లకు ఏటికి 45,000 రూపాయలు, పిదప 50,000 రూపాయలు. ఆదాయము తక్కువగల కుటుంబములకు ప్రభుత్వము రుసుము భరించు ఏర్పాటు గలదు. అట్టి పథకముల పేర్లును నియమములును మాఱుచుండును గనుక, ఆ యేటి ప్రకటనను స్వయముగ చదివించుకొనుడు. పొరుగువారి మాటపై నాధారపడకుడు. చదువు ధ్రువపత్రములును, కుల, ఆదాయ, నివాసపత్రములును ముందే సిద్ధముచేసికొనినచో తుదిదినమున మీసేవా కేంద్రముకడ గంటలకొలది నిలువనక్కఱలేదు.

తెలుగుబడి పిల్ల ఇంగ్లీషుపాఠములు అందుకొనగలదా? మొదట కష్టమే. మేమడిగిన బాలికలందఱు తొలిదినములలో పాఠము చెవిన పడినను తలకెక్కలేదనియే చెప్పిరి. పలువురు మొదటి సంవత్సరము గడచునప్పటికి కుదుటపడిరి. కొందఱికి అంతకంటె నెక్కువకాలము పట్టినది. ప్రక్కమంచముపై ఎవరుందురు, ఏ కులమువారు? ఏ జిల్లాబిడ్డయైన నుండవచ్చును. ఆ పిల్లయు మీ బిడ్డవలెనే తల్లిని విడిచివచ్చినదని తలచుకొనుడు. భోజన మెట్లుండును? వందలమందికి ఒక్కమాఱు వండినది ఇంటివంటవలె నుండదు. ఆవకాయజాడీ వెంట బంపుడు.

సీటు రానిచో? దుఃఖింపనక్కఱలేదు. ఇంటర్మీడియటు చదివి, జేఈఈ మెయిన్ పరీక్ష వ్రాసినచో మన తాడేపల్లిగూడెముననే 2015లో స్థాపింపబడిన జాతీయ సాంకేతికవిద్యాసంస్థ గలదు. అందు సగము సీట్లు మన రాష్ట్రమువారికి. ఆ పరీక్షను 2021నుండి తెలుగులోను వ్రాయవచ్చును. ఆ గూడెము చెంతనే వెంకట్రామన్నగూడెమున ఉద్యానవిశ్వవిద్యాలయ మున్నది. ఒక్క తలుపు మూసికొనినంతమాత్రమున వీథి ముగిసిపోదు.

ఇంతవఱకు వ్రాసినవన్నియు కాగితములలో దొరకునవి. కాగితములలో దొరకని ప్రశ్న యొకటి గలదు. దానిని మమ్మడిగినది తల్లి కాదు, బిడ్డ.

క్రిందటి వేసవిలో ఒక లంకనుండి తల్లియు కొమార్తెయు వచ్చిరి. తండ్రి దోనెమీద పోయి వలవేయువాడు. 2006లో అభయారణ్యమునందలి చేపలచెరువుల గట్లు తెగగొట్టినప్పటినుండి ఆ యింట నిలుకడయైన రాబడి లేదు. పిల్లకు బడిలోనెల్ల మొదటి మార్కులు. తల్లి ఇరువది ప్రశ్న లడిగినది. పిల్ల నోరు మెదపలేదు. తల్లి అరుగుమీదికి పోయి మావారితో మాటాడుచుండగా, ఆ పిల్ల మజ్జిగగ్లాసు మాచేతికిచ్చుచు మెల్లగ నడిగినది:

"అమ్మగారూ, అక్కడ చదవలేకపోతే రానిస్తారా?"

విశ్వవిద్యాలయమువారి మాట యనుకొని, సెలవులనుగూర్చియు అనుమతిచీటినిగూర్చియు చెప్పబోతిమి. పిల్ల తలయడ్డముగ నూపినది.

"వాళ్లు కాదండీ. మా ఇంట్లో."

మాకు వెంటనే బదులు తోపలేదు. ఏలయన, ఆ ప్రశ్నకు బదులుచెప్పక మే మొకప్పుడు తప్పుచేసియుంటిమి. మా యాడుబిడ్డ కూతురు కొన్నియేండ్లక్రిందట దూరమున నొక వసతికళాశాలలో చేరినది. బయలుదేఱునాడు బొట్టుపెట్టి, "మన యింటి పరువు నీచేతిలో నున్నది" అని దీవించినవారము మేమే. అది మంచిమాట యనుకొంటిమి. ఆ పిల్ల మొదటి పరీక్షలలో రెండు విషయములందు తప్పి, ఆఱునెలలు ఎవరికిని చెప్పలేదు. ఫోనులో "బాగున్నాను" అనుచునే యుండినది. సంక్రాంతికి వచ్చినప్పుడు చూచితిమిగదా, సగమైపోయినది. నిద్రలేదు, తిండిలేదు. దేవుని దయవలన ఆ వేళకు వచ్చినది గనుక సరిపోయినది. మఱి యేమైన జరిగియుండిన? ఆనాటి దీవెన తలచుకొనిన నేటికిని మా గుండె జల్లుమనును.

భవభూతి ఉత్తరరామచరితమున ఆత్రేయి యను విద్యార్థిని గలదు. ఆమె వాల్మీకియాశ్రమమున చదువుచుండెను. అచట కుశలవుల మేధ మిక్కిలి చురుకైనది. వారితో సమానముగ చదువుట యామెకు సాధ్యముకాలేదు. మహర్షియు రామాయణరచనలో మునిగియుండెను. అంతట ఆమె ఆ యాశ్రమము విడిచి, దండకారణ్యములో నడచి, అగస్త్యాదులయొద్ద వేదాంతము నేర్చుకొనబోయెను. దారిలో కలిసిన వనదేవత అడుగగా ఈ కారణమును దాచక చెప్పినది. వనదేవత యామెను తక్కువచేసి చూడలేదు, దారి చూపినది. తండ్రిగారు మాకీ యంకము చెప్పినప్పుడు మాకు పదునాలుగేండ్లు. శ్లోకములమీద నున్న శ్రద్ధ ఆమె కథమీద లేకపోయినది. ఇప్పుడు తెలిసినది: వెనుకబడుటయు, చోటుమార్చుకొనుటయు చదువులోనివే; చదువు విడుచుట కాదు.

ఆ కథనే యా పిల్లకు చెప్పితిమి. పిదప తల్లిని లోనికి పిలిచి, "ఈ ప్రశ్నకు మేము బదులు చెప్పరాదు, నీవే చెప్పవలెను" అని బిడ్డ మాటను ఆమె చెవిని వేసితిమి. ఆమె కొంతసేపు బిడ్డవంక చూచి, "రానివ్వక ఎక్కడికి పోతావే, పిచ్చిదానా!" అని కొంగుతో కన్నులు తుడుచుకొన్నది.

సోదరీమణులారా, పెట్టెలో పెట్టవలసిన పత్రముల జాబితా ప్రకటనలో నుండును. ఈ మాట యందుండదు. పదునైదేండ్ల బిడ్డను పంపుచున్నప్పుడు పరువుమాట యెత్తకుడు. "తప్పినను చెప్పు, రావలసివచ్చిన రా, ఆలోచించుకొందము" అని స్పష్టముగ చెప్పి పంపుడు. ఇట్లు చెప్పినచో బిడ్డ చదువుమీద శ్రద్ధ చూపదేమో యని కొందఱు భయపడుదురు. మేము చూచినంతలో అట్లు జరుగలేదు. భయమును దాచుకొనుటకు పోవు శక్తి చదువునకు మిగులును.

ఆ లంకపిల్లకు నూజివీటిలో సీటు వచ్చినది. మొదటి పరీక్షలో లెక్కలలో తప్పినదట. ఆ సాయంకాలమే తల్లికి ఫోనుచేసి చెప్పినదట. వచ్చిన ఆదివారమునాడు తల్లి చేపలపులుసు క్యారియరుతో పోయి, సాయంకాలమువఱకు కూతురితో కూర్చుండి తిరిగివచ్చినది. పిల్ల అచటనే చదువుకొనుచున్నది.