నెలజీతం ఒక లెక్క, కాపురం మరో లెక్క

గల్ఫ్ నుంచో, మలేషియా నుంచో ఉద్యోగ పత్రం చేతికందిన రోజున మన ఇళ్లలో మొట్టమొదట జరిగేది గుణకారం. నెలజీతాన్ని ఆనాటి రియాలు ధరతోనో, దిర్హమ్ ధరతోనో హెచ్చవేసి, వచ్చిన రూపాయలను చూసి ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. తీసివేత అక్కడికి చేరిన తరువాత మొదలవుతుంది. భార్యాబిడ్డలను తీసుకువెళ్లాలనుకున్నవారికి అది మరీ పెద్ద తీసివేత.

ఏ నగరం ఖరీదైనది, ఏది చవక అని చెప్పే అంతర్జాతీయ జాబితాలకు కొరత లేదు. మెర్సర్ అనే సంస్థ ఏటా న్యూయార్క్‌ను ప్రమాణంగా పెట్టుకుని, రెండు వందలకు పైగా వస్తువుల, సేవల ధరలను నగరాల వారీగా పోల్చుతుంది. 2024 జాబితాలో ప్రపంచమంతటిలో మొదటి స్థానం హాంకాంగ్‌ది, రెండవది సింగపూర్‌ది. అయితే ఈ జాబితాలు తయారయ్యేది, తమ అధికారులను విదేశాలకు పంపే పెద్ద కంపెనీల కోసం. వాటి బుట్టలో మద్యం, పొగాకు కూడా ఉంటాయి. మన కుటుంబాలకు వాటితో పని లేదు. మనకు పనికివచ్చే ప్రశ్నలు వాటిలో కనిపించవు: భార్యాబిడ్డలతో ఒకే కప్పు కింద ఉండనివ్వడానికి ఆ నగరం తలకు ఎంత అడుగుతుంది? పిల్లవాడు ఏ తరగతి వరకు అక్కడ చదవగలడు? వృద్ధులైన తల్లిదండ్రులకు అక్కడ చోటుందా? తిరిగి వచ్చేనాడు చేతిలో ఏముంటుంది? ఈ వ్యాసంలో రియాద్, జిద్దా, దుబాయి, దోహా, కౌలాలంపూర్, సింగపూర్ నగరాలను ఈ ప్రశ్నలతోనే చూద్దాం.

మనవారు తరతరాలుగా ఎక్కువగా వెళ్తున్నది సౌదీ అరేబియాకు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. సౌదీలో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ఉద్యోగితో పాటు అతని కుటుంబానికి కూడా ఆరోగ్య బీమా చేయించే బాధ్యత యజమానిదే. ఇవి రెండూ పెద్ద సౌకర్యాలు. కానీ 2017 జూలైలో లెక్క మారింది. ప్రైవేటు రంగంలో పనిచేసే ప్రవాసి తన వెంట ఉంచుకున్న ప్రతి ఆశ్రితునికీ నెలకు 100 రియాళ్ల రుసుము ఆ నెలలో మొదలైంది. ఏటా మరో వంద చొప్పున పెరిగి 2020 జూలై నాటికి 400 రియాళ్లకు చేరింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న ఇంటికి ఇది నెలకు 1,600, ఏడాదికి 19,200 రియాళ్లు. రియాలుకు 22 రూపాయల చొప్పున వేసుకున్నా నాలుగు లక్షలు దాటుతుంది. ఇది ఇంటి అద్దె కాదు, బడి ఫీజు కాదు, తిండి ఖర్చు కాదు. కుటుంబం కుటుంబంగా అక్కడ ఉన్నందుకు చెల్లించేది. చెల్లించనిదే ఇఖామా నవీకరణ జరగదు.

ఆ రోజుల్లో హైదరాబాదు పాతబస్తీకి, టోలీచౌకీకి తిరిగి వచ్చిన కుటుంబాలు ఎన్నో. తల్లీపిల్లలు ఇక్కడ అద్దె ఇంట్లో, తండ్రి అక్కడ నలుగురు స్నేహితులతో ఒక గదిలో. ఒక సంసారం రెండయింది. రెండు వంటిళ్లు, రెండు అద్దెలు, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి సెలవు. రుసుము మిగిలింది నిజమే. కానీ ఆ మిగులులోంచి రెండో అద్దెను, విమాన టికెట్లను తీసివేసి చూసుకున్నవారు తక్కువ. తండ్రి లేని ఇంట్లో పదమూడేళ్ల కొడుకును దారిలో పెట్టడానికి తల్లి పడిన శ్రమకు ఏ కాగితం మీదా అంకె లేదు.

రుసుముకు తోడు అమ్మకపు పన్ను. 2018 జనవరిలో 5 శాతంతో మొదలైన వ్యాట్ 2020 జూలైలో ఒక్కసారిగా 15 శాతమైంది. ఎమిరేట్స్‌లో అది ఇప్పటికీ 5 శాతమే, ఖతర్‌లో అసలు లేదు. ఒకే వస్తువును మూడు నగరాల్లో కొన్నప్పుడు ఈ తేడా పెద్దగా తెలియకపోవచ్చు. నెల సరుకుల చీటీలో తెలుస్తుంది. రియాద్‌లో అద్దెలు ఇటీవలి సంవత్సరాల్లో ఎంతగా పెరిగాయంటే, 2025 సెప్టెంబరులో ప్రభుత్వమే ఆ నగరంలో అద్దెల పెంపును ఐదేళ్ల పాటు నిలిపివేయవలసి వచ్చింది. ఊరటనిచ్చేవి కూడా ఉన్నాయి. భారత రాయబార కార్యాలయం అండతో నడిచే భారతీయ పాఠశాలలు రియాద్‌లోనూ, జిద్దాలోనూ ఉన్నాయి. మన సీబీఎస్ఈ చదువు కొనసాగుతుంది, ఖరీదైన ప్రైవేటు బడుల వైపు చూడనక్కర లేదు. 2018 నుంచి మహిళలు కారు నడపవచ్చు. భర్త డ్యూటీలో ఉండగా పిల్లలకు జ్వరం వస్తే ఆస్పత్రికి టాక్సీ కోసం ఎదురుచూసిన తల్లులకు దీని విలువ తెలుసు.

జిద్దా సంగతి వేరుగా చెప్పుకోవాలి. మక్కా అక్కడికి సుమారు 80 కిలోమీటర్లు. 2018లో ప్రారంభమైన హరమైన్ రైలు జిద్దాను మక్కాతోనూ, మదీనాతోనూ కలుపుతుంది. వారాంతపు సెలవులో పిల్లలను వెంటబెట్టుకుని ఉమ్రా చేసి రావడం అక్కడి కుటుంబాలకు సాధ్యమైన భాగ్యం. దీనిని రియాళ్లలో తూచవలసిన పని లేదు. అయితే ఆ భాగ్యం కోసమే జిద్దాను ఎంచుకున్నామని చెప్పి, అప్పు చేసి ఆశ్రితుల రుసుము కట్టేవారు ఒకసారి ఆగి ఆలోచించాలి. నఫఖా, అంటే భార్యాబిడ్డల పోషణ, భర్త మీద విధి. అది అతని స్తోమతను బట్టే.

దుబాయిలో తలసరి రుసుము లేదు. అక్కడ కుటుంబాన్ని రప్పించుకోవడానికి కావలసిన కనీస జీతం 4,000 దిర్హములు, వసతి యజమాని ఇస్తే 3,000. వినడానికి తేలికైన షరతు ఇది. చిక్కంతా దాని తరువాతే. నాలుగు వేల జీతానికి వీసా దొరుకుతుంది కానీ ఇల్లు దొరకదు. దుబాయిలో అద్దెను నెలనెలా కాక, ఏడాదికి కొన్ని చెక్కులుగా ముందే రాసి ఇవ్వడం ఆనవాయితీ. డిపాజిట్, ఏజెంటు కమీషన్ వేరు. పైగా వార్షిక అద్దెలో 5 శాతం చొప్పున నగరపాలక సంస్థ వేసే గృహ రుసుము కరెంటు, నీళ్ల బిల్లుతో కలిసి నెలనెలా వస్తుంది. ఏడాదికి 60,000 దిర్హముల ఇంటికి అది 3,000 దిర్హములు. ఆశ్రితుల ఆరోగ్య బీమా కూడా దుబాయిలో వారిని రప్పించుకున్నవారి బాధ్యతే. సౌదీతో పోల్చేటప్పుడు ఈ తేడాను మనవారు తరచూ మరచిపోతారు.

అందుకే ఎందరో దుబాయిలో పనిచేస్తూ షార్జాలో కాపురం పెడతారు. అద్దె తగ్గుతుంది. బదులుగా రోజుకు రెండు మూడు గంటలు రోడ్డు మీద కరిగిపోతాయి. సలిక్ గేటు దాటిన ప్రతిసారీ టోల్ పడుతుంది. 2025 జనవరి చివరి నుంచి అది రద్దీ వేళల్లో 6 దిర్హములు. ఫజర్ నమాజు చదివి బయలుదేరిన తండ్రి ఇషా వేళకు ఇల్లు చేరితే, కుటుంబాన్ని దగ్గర ఉంచుకున్న ప్రయోజనంలో సగం ఆ ట్రాఫిక్‌లోనే పోయినట్లు. షార్జాలో మాత్రం ప్రభుత్వ కార్యాలయాలకు శుక్రవారంతో కలిపి మూడు రోజుల సెలవు. దుబాయిలో శుక్రవారం సగం రోజే సెలవు.

దుబాయి గురించి చెప్పవలసిన మరో మాట: అక్కడ అప్పు పుట్టినంత తేలికగా మన నగరాల్లో పుట్టదు. జీతం బ్యాంకులో పడగానే క్రెడిట్ కార్డుల వారి ఫోన్లు మొదలవుతాయి. మొదటి అద్దె చెక్కుకు చాలని సొమ్మును కార్డు మీద తీసుకుని, దాని వడ్డీని రెండో కార్డుతో తీర్చినవారి కథలు ప్రతి బంధువర్గంలోనూ ఉంటాయి. వడ్డీ నిషిద్ధమని వేరే చెప్పనక్కర లేదు. తొలి ఏడాది అద్దె, డిపాజిట్ల సొమ్ము చేతిలో సమకూరేదాకా ఒంటరిగా ఉండి, ఆ తరువాతే కుటుంబాన్ని పిలిపించుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఆరు నెలల ఎడబాటు కంటే ఆరేళ్ల అప్పు బరువైనది. ఆ తరువాత భార్య చదువుకున్నదైతే దుబాయి కలిసివస్తుంది. భర్త వీసా మీద ఉంటూనే ఆమె వర్క్ పర్మిట్‌తో ఉద్యోగం చేయవచ్చు. పాఠశాలల్లో, క్లినిక్‌లలో మన ఆడపడుచులు ఎందరో అలా పనిచేస్తున్నారు.

దోహా గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. వ్యాట్ లేదు, ఆదాయపు పన్ను లేదు, 2019 నుంచి మెట్రో ఉంది. వసతి యజమాని ఇస్తే అది మిగులు నగరం, ఇవ్వకపోతే కాదు.

ఇంతవరకు చెప్పినదంతా కుటుంబాన్ని వెంట తీసుకువెళ్లగల స్థితిలో ఉన్నవారి మాట. కరీంనగర్, నిజామాబాద్ నుంచి భవన నిర్మాణానికి వెళ్లినవారికి, కడప జిల్లా నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన స్త్రీలకు ఈ పోలికలేవీ వర్తించవు. వారి నగరం లేబర్ క్యాంపు, లేదా వేరొకరి ఇంటి వెనుక గది. 2021 మార్చిలో ఖతర్ నిర్ణయించిన కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు, యజమాని సమకూర్చకపోతే వసతికి 500, భోజనానికి 300 అదనం. అంత జీతంలో కుటుంబం అన్న ఆలోచనకే తావు లేదు.

తూర్పు వైపు చూస్తే కౌలాలంపూర్ కనిపిస్తుంది. మన కుటుంబాలు ఆ నగరాన్ని పరిగణించవలసినంతగా పరిగణించడం లేదు. కారణం తెలిసిందే. అక్కడ ఆదాయపు పన్ను ఉంది, జీతాలు గల్ఫ్ స్థాయిలో మిగులునివ్వవు. ఏడాదిలో 182 రోజులు దేశంలో లేనివారిని నివాసేతరులుగా భావించి 30 శాతం పన్ను వేస్తారు. సంవత్సరం చివర్లో చేరినవారికి తొలి జీతాలు చూసి గుండె ఆగినంత పని అవుతుంది. ఉద్యోగ పాసులు జీతాన్ని బట్టి శ్రేణులుగా ఉంటాయి. దిగువ శ్రేణివారికి కుటుంబాన్ని తెచ్చుకునే వీలు పరిమితం. కాబట్టి పత్రంలో జీతంతో పాటు పాసు శ్రేణి కూడా చూసుకోవాలి.

ఈ షరతులు దాటినవారికి మాత్రం ఆ నగరం మంచి కాపురపు నగరం. ఇంటికి సాధారణంగా రెండు నెలల డిపాజిట్, ఒక నెల అద్దె, కరెంటు నీళ్ల కోసం మరో అర నెల ముందుగా ఇచ్చి, ఆపైన నెలనెలా అద్దె కట్టవచ్చు. అద్దెకు దొరికే అపార్ట్‌మెంట్లలో పిల్లలు ఆడుకునే చోటు ఉంటుంది. గల్ఫ్ ఎండల్లో ఏడాదిలో నాలుగైదు నెలలు నాలుగు గోడల మధ్యే పెరిగే పిల్లలకు, ఇక్కడ వానలో తడిసే బాల్యం దొరుకుతుంది. తిండి విషయంలో సందేహపడే పని లేదు. ప్రభుత్వ ఇస్లామీ విభాగమైన జాకిమ్ హలాల్ ముద్ర అంతటా కనిపిస్తుంది. తమిళ ముస్లిములు నడిపే మామక్ హోటళ్లలో రోటీ చనాయ్ తింటే మన పరోటాయే వేషం మార్చి వచ్చిందనిపిస్తుంది. షాపింగ్ మాల్‌లో, రహదారి పక్కన, ఆఫీసు భవనంలో సురావ్ అనే నమాజు గది తప్పక ఉంటుంది. స్త్రీలకు వేరుగా చోటు, వుజూ ఏర్పాటు ఉంటాయి. బయటకు వెళ్లిన ప్రతిసారీ నమాజు వేళ దాటిపోతుందేమోనని తొందరపడే గృహిణికి ఇది ఎంత నెమ్మదినిస్తుందో ఆమెకే తెలుసు. రమజాన్‌లో కంపుంగ్ బారు మస్జిదు వద్ద పంచే గంజి కోసం మలయ్, భారతీయ, అరబ్బు ముస్లిములు ఒకే వరుసలో నిలబడతారు.

లోపాలూ ఉన్నాయి. విదేశీ పిల్లలకు అంతర్జాతీయ పాఠశాలలే దిక్కు, వాటి ఫీజులు గల్ఫ్‌లోని భారతీయ పాఠశాలల కంటే బాగా ఎక్కువ. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట్లో అద్దెలో మిగిలినది బడిలో పోతుంది. మరొకటి కరెన్సీ. రియాలు 1986 నుంచి డాలరుకు 3.75 వద్ద, దిర్హమ్ 1997 నుంచి 3.6725 వద్ద కట్టుబడి ఉన్నాయి. రూపాయి పడితే ఇంటికి పంపే సొమ్ము పెరుగుతుంది. రింగిట్‌కు ఆ కట్టుబాటు లేదు. 2024 ఫిబ్రవరిలో అది 1998 తరువాత ఎన్నడూ లేనంతగా పడిపోయింది, ఆ తరువాత కోలుకుంది. కాబట్టి ఇల్లు కట్టాలి, చెల్లి పెళ్లి చేయాలి అనుకుని వెళ్లేవారికి కౌలాలంపూర్ కాదు. పిల్లల చిన్నతనాన్ని కలిసి గడపాలనుకునేవారికి అది తగినది.

సింగపూర్ క్రమశిక్షణ, భద్రత, చదువు గురించి అందరికీ తెలుసు. కుటుంబాన్ని తెచ్చుకోవడానికి నెలకు 6,000 సింగపూర్ డాలర్ల జీతం కావాలి, తల్లిదండ్రులను కూడా ఉంచుకోవాలంటే 12,000. 2021 మే నుంచి ఆశ్రిత పాసు మీద ఉన్న భార్య ఉద్యోగం చేయాలంటే సొంతంగా వర్క్ పాసు పొందాలి. కారు కొనే హక్కుకే లక్ష డాలర్లు దాటిన సందర్భాలున్నాయి, కారు ధర వేరు. అయితే బస్సులు, రైళ్లు ఉండగా అక్కడ కారు అవసరమే లేదు. జీతం పెద్దదైతే తప్ప ఆ నగరం మన మధ్యతరగతికి అందదు.

ఏ నగరానికి వెళ్లినా ఒక సంవత్సరం వస్తుంది. పెద్ద పిల్లవాడు ఎనిమిదో తరగతి ముగించే సంవత్సరం అది. తెలంగాణలో వైద్య విద్య స్థానిక కోటాకు 9వ తరగతి నుంచి ఇంటర్ వరకు వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదివి ఉండాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీం కోర్టు సమర్థించింది. రియాద్‌లో పన్నెండు వరకు చదివి వచ్చిన అమ్మాయి, తాతముత్తాతలది నల్గొండే అయినా, ఆ కోటా దృష్టిలో స్థానికురాలు కాదు. ప్రవాసంలో ఉన్న ఎంతోమంది తల్లిదండ్రులకు ఈ సంగతి నీట్ రాసే ఏడాది వరకు తెలియడం లేదు. డాక్టరు చదువు ఆశ ఉన్న ఇంట్లో, విదేశ కాపురాన్ని పిల్లల పద్నాలుగో ఏటితో ముగించేలా ముందే అనుకోవాలి. ఇంజనీరింగ్, ఇతర కోర్సులకు కూడా స్థానిక నిబంధనలను వెళ్లేముందే చూసుకోవడం మంచిది.

చివరగా, తిరిగి వచ్చే రోజున చేతికి వచ్చే సొమ్ము. సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల, ఆపైన ఏడాదికి ఒక నెల జీతం చొప్పున సేవా ముగింపు మొత్తం ఇస్తారు. 6,000 రియాళ్ల జీతంతో ఎనిమిదేళ్లు పనిచేస్తే అది 33,000. తానే రాజీనామా చేస్తే ఐదు నుంచి పదేళ్ల సేవకు అందులో మూడింట రెండు వంతులే, అంటే 22,000. నలుగురు ఆశ్రితుల రెండేళ్ల రుసుము 38,400 అని గుర్తుంచుకుంటే ఈ అంకె ఎంత చిన్నదో తెలుస్తుంది. ఎమిరేట్స్‌లో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజులు, ఆపైన 30 రోజులు. కానీ లెక్క మూల వేతనం మీదే, అలవెన్సులు కలవవు. జీతం ఎనిమిది వేలని రాసి మూల వేతనం మూడు వేలుగా చూపిన పత్రాలు తక్కువేమీ కాదు. సంతకం చేసేముందు ఆ ఒక్క గడిని చదవాలి. అక్కడ పోగయిన సొమ్మును ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో డిపాజిట్ చేస్తే వడ్డీకి పన్ను లేదని బ్యాంకువారు ఆశ చూపుతారు. పన్ను లేనంత మాత్రాన అది వడ్డీ కాకుండా పోదు. ఏడాది నిండిన నిల్వ నిసాబ్‌కు చేరితే దాని మీద రెండున్నర శాతం జకాత్ మాత్రం రియాద్‌లో ఉన్నా, కౌలాలంపూర్‌లో ఉన్నా ఒకటే.