మీకు తెలుసా? నిజాం ఫౌజు నుంచి పరమవీర చక్ర దాకా

హైదరాబాద్ శివారు దేవరయాంజాల్ వాళ్లకు హకీంపేట విమానాల మోత కొత్త కాదు, బొల్లారం వైపు వెళ్తే అంతా కంటోన్మెంటే. కానీ యుద్ధంలో చూపే శౌర్యానికి దేశమిచ్చే అత్యున్నత పురస్కారం పరమవీర చక్ర గ్రహీతలు 21 మందిలో ఒకరు హైదరాబాద్ సంస్థాన సైన్యంలోనే ఓనమాలు దిద్దుకున్నారని ఎందరికి తెలుసు?

ఆయన అర్దెషీర్ తారాపోర్. 1942లో 7వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీలో చేరారు. ఓసారి శిక్షణలో ఓ కొత్త కుర్రాడు విసిరిన గ్రెనేడ్ అక్కడే పడిపోయింది. తారాపోర్ దూకి, దాన్ని తీసి అవతలికి విసిరారు. అది గాల్లోనే పేలింది, ముక్కలు ఛాతీకి తగిలాయి. సేనాధిపతి ఎల్ ఎద్రూస్ పిలిచి మెచ్చుకుంటే, అదే అదనుగా కవచ వాహనాల లాన్సర్స్ దళానికి బదిలీ అడిగేశారు! దొరికింది కూడా.

హైదరాబాద్ సంస్థానం భారత్‌లో విలీనమయ్యాక భారత సైన్యపు ట్యాంకు రెజిమెంటు పూనా హార్స్‌కు మారారు. 1965 భారత్-పాక్ యుద్ధంలో, సెప్టెంబరు 11న ఫిల్లోరా దగ్గర గాయపడ్డా వెనక్కి వెళ్లనన్నారు. తొమ్మిది ట్యాంకులు పోగొట్టుకున్న ఆయన రెజిమెంటు దాదాపు 60 శత్రు ట్యాంకులను ధ్వంసం చేసింది. 16న ఆయన ట్యాంకు మంటల్లో చిక్కుకుంది, అక్కడే అమరులయ్యారు.

పరమవీర చక్ర తర్వాతి స్థానం మహావీర చక్రది. 2020 జూన్ 15న చైనా సైనికులతో తలపడి గల్వాన్‌లో నేలకొరిగిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుకు 2021లో ప్రకటించారు. అక్కడ ప్రకటిత యుద్ధం లేదు. అయినా శత్రువు ఎదుట చూపిన తెగువ కాబట్టి, శాంతికాలపు కీర్తి చక్ర కాకుండా ఇదే ఇచ్చారు.